అరవై అయిదు పైసలా, ఏడు రూపాయలా, పదకొండున్నరా? ఒక చీటీ పాట లెక్క

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న చిన్న వర్క్‌షాపులకు లెక్కలు చూడటం నా పని. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు కాగితాలు పేరుకు మాత్రమే. అసలు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం చీటీల గురించే ఉంటాయి. ఈ నెల పాడాలా, ఆగాలా? ఎంత దాకా పోవచ్చు? అలాంటి ఒక కేసును మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు తీసేశాను. లెక్కలు మాత్రం అలాగే ఉంచాను.

ఆయనది లేత్ షాపు. ఒకే మిషన్ ఉంది, పని ఎక్కువై ఆర్డర్లు వెనక్కి పంపిస్తున్నారు. సెకండ్ హ్యాండ్‌లో మంచి లేత్ ఒకటి దొరికింది. మిషన్‌కు 3,60,000, లారీ కిరాయికి, ఫౌండేషన్‌కు ఇంకో 20 వేలు. మొత్తం 3,80,000 కావాలి. పాత మిషన్‌కు సరైన బిల్లు లేదు కాబట్టి బ్యాంకు మెషినరీ లోన్ దారి ముందే మూసుకుపోయింది. మిగిలింది చీటీ.

చీటీ 5 లక్షలది. 20 మంది, 20 నెలలు, నెలకు 25 వేలు. రిజిస్టర్ అయిన కంపెనీ. ఫోర్‌మన్ (చీటీ నడిపే కంపెనీ) కమిషన్ 5 శాతం, అంటే నెలనెలా 25 వేలు. (1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంలో ఈ కమిషన్‌కు 5 శాతమే గరిష్ఠం, 2019 సవరణతో అది 7 అయింది. వీళ్ళ ఒప్పందంలో 5 అనే ఉంది.) జులైలో మొదలైంది, మొదటి నెల చీటీ కంపెనీ తీసుకుంది. తర్వాత నుంచి పాట: 5 లక్షల్లో ఎవరు ఎక్కువ తగ్గించుకుంటే ఆ నెల చీటీ వాళ్ళదే. ఆగస్టు నుంచి జనవరి దాకా చీటీ వరసగా 1,75,000, 1,65,000, 1,55,000, 1,45,000, 1,40,000, 1,30,000 తగ్గింపుకు పోయింది. ఈ తగ్గింపులో కమిషన్ పోగా మిగిలింది 20 మందికీ డివిడెండ్‌గా పంచుతారు. పాడినవాళ్ళకూ ఇస్తారు, పాడనివాళ్ళకూ ఇస్తారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, లెక్క అంతా దాని మీదే నిలబడింది.

ఇవన్నీ వాళ్ళావిడ ఒక నోటుపుస్తకంలో నెలవారీగా రాసిపెట్టారు. కట్టింది ఎంత, డివిడెండ్ ఎంత, చీటీ ఎవరికి పోయింది. నా దగ్గరికి వచ్చే ఆడిట్ ఫైళ్ళలో చాలావాటికన్నా ఆ పుస్తకం నయం.

ఫిబ్రవరి పాటకు ఇంకా నాలుగు రోజులుంది. నెలకు 5 నుంచి 10 వేలు తగ్గుతూ వస్తున్న వరస చూస్తే ఈసారి 1,20,000 దగ్గర పోతుందని ఆయన అంచనా. అలా పాడితే చేతికి సరిగ్గా 3,80,000 వస్తుంది. మిషన్ వచ్చేసినట్టే.

“లక్షా ఇరవై పోతోంది కదండీ, వడ్డీ ఎంత పడుతుందో చూశారా?” అన్నాను.

“చూశా సార్. అరవై అయిదు పైసలు కూడా పడట్లేదు” అన్నారు నమ్మకంగా.

ఆయన లెక్క ఇది. ఇప్పటిదాకా ఏడు నెలల్లో కట్టింది 1,37,000. ఈ నెల 20,250. మిగతా పన్నెండు నెలల డివిడెండ్లు ఇదే వరసలో తగ్గుతూ వస్తాయనుకుంటే ఇంకా కట్టాల్సింది సుమారు 2,72,250. మొత్తం 4,29,500. వచ్చేది 3,80,000. తేడా 49,500. దాన్ని 3,80,000తో భాగిస్తే 13 శాతం, 20 నెలలకు పంచితే నెలకు నూటికి 65 పైసలు.

కూడికల్లో తప్పు లేదు. ఆటోనగర్‌లో నూటికి తొంభై మంది ఇలాగే వేస్తారు. కానీ ఈ లెక్క ప్రకారం రెండు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాళ్ళంతా ఈపాటికి దుకాణం మూసుకోవాలి. 65 పైసలకు డబ్బు దొరుకుతుంటే వాళ్ళ గడప ఎవరు తొక్కుతారు? వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారంటే, ఈ 65 పైసల్లో ఏదో దాక్కుందన్నమాట.

ఆయన మేనల్లుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. మామయ్య లెక్క నమ్మలేక ఈ ఇరవై అంకెలూ ఎక్సెల్‌లో వేసి ఐఆర్‌ఆర్ ఫార్ములా కొట్టాడు. కట్టినవి మైనస్, వచ్చింది ప్లస్. ఆ ఫార్ములా చేసే పని ఒక్కటే: ఏ వడ్డీ రేటు దగ్గర కట్టిన డబ్బు విలువా, వచ్చిన డబ్బు విలువా సమానమవుతాయో వెతకడం. జవాబు నెలకు 11 శాతం పైన వచ్చింది. అంటే పదకొండున్నర రూపాయల వడ్డీ! ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ‘గెస్’ దగ్గర 5 శాతం వేసి మళ్ళీ చూస్తే ఈసారి 7 పైచిలుకు వచ్చింది. కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది. ఫైలు పట్టుకుని మామయ్యతోపాటు వచ్చాడు.

ఒకే నోటుపుస్తకం నుంచి మూడు వడ్డీలు: 0.65, 7.1, 11.5. మూడూ కూడికలు, గుణకారాల్లో సరైనవే. మూడూ పనికిరావు.

రెండు జవాబులు ఎందుకు వచ్చాయి

ఇది ఎక్సెల్ తప్పు కాదు. ఐఆర్‌ఆర్ వెతికే సమీకరణం ఒక బహుపది. ఏడు నెలలు మైనస్, ఎనిమిదో నెల ప్లస్, తర్వాత పన్నెండు నెలలు మళ్ళీ మైనస్. గుర్తు రెండుసార్లు మారింది. బహుపదిలో గుర్తులు ఎన్నిసార్లు మారితే ధనాత్మక మూలాలు (అంటే జవాబులు) గరిష్ఠంగా అన్ని ఉండొచ్చని ఫ్రెంచ్ గణితవేత్త డెకార్ట్ 1637లోనే రాశాడు. ఇక్కడ రెండు దాకా ఉండొచ్చు. నిజంగానే రెండున్నాయి.

గణితం సంగతి పక్కనపెట్టి డబ్బు వైపు నుంచి చూస్తే కారణం ఇంకా సులువుగా కనిపిస్తుంది. మొదటి ఏడు నెలలు ఈయన అప్పు ఇచ్చేవాడు. ఎనిమిదో నెల పాడాక అప్పు తీసుకున్నవాడు. ఇచ్చేవాడికి వడ్డీ పెరిగితే లాభం, తీసుకున్నవాడికి పెరిగితే నష్టం. రెండు వేషాలూ ఒకే మనిషివి అయినప్పుడు ‘ఈ చీటీ వడ్డీ ఎంత’ అన్న ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పమని ఫార్ములాను అడుగుతున్నాం. అది పాపం దొరికినవి ఇచ్చింది.

మొదటి పాటలోనే తీసుకున్నవాళ్ళకు ఐఆర్‌ఆర్ బాగానే పనిచేస్తుంది, వాళ్ళది దాదాపు పూర్తిగా అప్పు. చివరి నెల దాకా ఆగినవాళ్ళకూ పనిచేస్తుంది, వాళ్ళది పూర్తిగా పొదుపు. ఈ చీటీలో చివరిదాకా ఆగితే 4,29,500 కట్టి, కమిషన్ పోను 4,75,000 తీసుకుంటారు. నెలకు సుమారు రూపాయి పది పైసలు గిట్టుతుంది. మధ్యలో పాడేవాళ్ళ దగ్గరే ఫార్ములా తడబడుతుంది. మనలో ఎక్కువమంది పాడేది మధ్యలోనే.

ప్రశ్న మార్చాం

కుర్రాణ్ణి కూర్చోబెట్టి తెల్ల కాగితం మీద రెండు వరసలు రాయించాను. పై వరసలో ‘ఈ నెల పాడితే’, కింది వరసలో ‘పాడకుండా చివరిదాకా ఆగితే’. నెలనెలా వచ్చేదీ పోయేదీ.

ఇప్పటిదాకా కట్టిన ఏడు వాయిదాలు రెండు వరసల్లోనూ ఉన్నాయి. ఈ నెల 20,250 రెండింటిలోనూ ఉంది. వచ్చే పన్నెండు నెలల వాయిదాలు కూడా రెండింటిలోనూ ఉన్నాయి, ఎందుకంటే పాడినా పాడకపోయినా డివిడెండ్ వస్తుంది. కాబట్టి పై వరసలోంచి కింది వరస తీసేస్తే అన్నీ కొట్టుకుపోయాయి. కాగితం మీద మిగిలినవి రెండే అంకెలు: ఈ ఫిబ్రవరిలో వచ్చే 3,80,000, వచ్చే ఫిబ్రవరిలో వదులుకునే 4,75,000.

(ఈయన పాడకపోతే ఇంకెవరో కొంచెం తక్కువకు పాడొచ్చు, అప్పుడు ఈ నెల డివిడెండ్ ఒకటి రెండు వందలు మారుతుంది. దాన్ని వదిలేశాం.)

త అంటే పాటలో పోయే తగ్గింపు, వ అంటే నెల వడ్డీ, న అంటే ఇంకా మిగిలిన నెలలు అనుకుంటే:

(5,00,000 − త) × (1 + వ)^న = 4,75,000

మేనల్లుడు నవ్వేశాడు. ఇరవై పదాల బహుపది ఒక్క పదానికి దిగింది. 4,75,000ని 3,80,000తో భాగిస్తే 1.25. దానికి పన్నెండో మూలం తీస్తే 1.0188. అంటే నెలకు నూటికి రూపాయి ఎనభై ఎనిమిది పైసలు. చక్రవడ్డీ మీద.

ఈ అంకె ఇంటి పక్కన దొరికే రెండు రూపాయల వడ్డీకి కూతవేటు దూరంలోనే ఉంది. ఉండాలి కూడా. పాటలో కూర్చునేవాళ్ళలో చాలామందికి ఉన్న ఇంకో దారి అదే కాబట్టి, పోటీ చీటీని అక్కడిదాకా తోసుకుపోతుంది. పొదుపు చేసేవాళ్ళకు రూపాయి పది పైసలు, తీసుకునేవాళ్ళకు రూపాయి ఎనభై ఎనిమిది. మధ్య తేడా కమిషన్.

ఇప్పుడు 65 పైసల గుట్టు కూడా బయటపడింది. ఆయన లెక్కలో డివిడెండ్లు పాడటం వల్ల వచ్చిన లాభంలా కలిసిపోయాయి. పాడకపోయినా అవి వచ్చేవే. పైగా డబ్బు ఆయన దగ్గర ఉండబోయేది పన్నెండు నెలలైతే వడ్డీని ఇరవై నెలలకు పంచారు.

ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల, ముఖ్యంగా ఇళ్ళ మధ్య నడిచే చీటీల్లో, పాడినవాళ్ళకు తర్వాత డివిడెండ్ ఇవ్వరు. అలాంటప్పుడు వాయిదాలు పూర్తిగా కొట్టుకుపోవు, రాబోయే డివిడెండ్లను కూడా వదులుకోవాల్సిందే. ఇవే అంకెలతో ఆ లెక్క వేస్తే వడ్డీ దాదాపు రెండున్నర రూపాయలకు ఎక్కుతుంది. పాట ఒకటే, తగ్గింపు ఒకటే, నిబంధనలో ఒక్క వాక్యం తేడా.

సరే, ఎంత దాకా పోవచ్చు?

వడ్డీ తెలిసింది కాబట్టి ఇప్పుడు దాన్ని వేరే దారితో పోల్చాలి. ఇంట్లో ఉన్న బంగారం మీద రూపాయి వడ్డీకి 2 లక్షలు వస్తాయి. మిగతా 1,80,000 తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయలకు. నెలకు వడ్డీ 2,000 + 3,600 = 5,600. మొత్తం 3,80,000 మీద చూస్తే రూపాయి 47 పైసలు. చీటీ కన్నా చవక.

ఇక్కడ ఆయన అడ్డుపడ్డారు. “బంగారం పెట్టడం మా ఆవిడకు ఇష్టం ఉండదు సార్.” ఇలాంటిది ఏ సమీకరణంలోనూ రాదు, కానీ దాన్ని లెక్కలోంచి తీసేయమని చెప్పే హక్కు నాకు లేదు. నేను చేయగలిగింది దాని ధర చెప్పడం. ఇప్పుడు పాడకుండా అప్పు తీసుకుని, చివరి నెల చీటీ ఎత్తి తీర్చేస్తే పన్నెండు నెలల్లో వడ్డీ కింద 67,200 పోతుంది. చివర్లో 4,75,000 వస్తుంది, అసలు 3,80,000 తీర్చాక 95 వేలు మిగులుతుంది. తేడా 27,800. బంగారం ఇంట్లోనే ఉంచుకోవడానికి ఏడాదికి అంత కడుతున్నట్టు. ఆయన ఇంటికెళ్ళి ఆవిడకు ఇదే చెప్పారట. మర్నాడు ఆవిడే ఫోన్ చేసి, “అప్పు మీద నెల నెలా 5,600 అదనంగా కట్టగలమా లేదా, అది చెప్పండి ముందు” అన్నారు. సరైన ప్రశ్న. నా సమీకరణం మొత్తం మీద ఏది చవకో చెప్తుంది కానీ ఏ నెలలో చేతిలో డబ్బు ఉంటుందో చెప్పదు. వాయిదా 20 వేల పైన, దాని మీద 5,600. వెనక్కి పంపుతున్న ఆర్డర్ల జాబితా తీసి చూశాం. కరెంటు, హెల్పర్ జీతం పోను కొత్త మిషన్ మీద నెలకు కనీసం 10 వేలు మిగిలేలా కనిపించింది. పని తగ్గిన నెలలో కష్టమే, కానీ మోయలేనిది కాదు.

అప్పుడు సమీకరణాన్ని తిప్పి రాశాం. వడ్డీ తెలుసు, తగ్గింపు కావాలి:

త = 5,00,000 − 4,75,000 ÷ (1.0147)^న

ఫిబ్రవరికి న = 12. తగ్గింపు 1,01,000 దాకా. అంతకు మించి పోతే అప్పే నయం. మార్చికి 95 వేలు, ఏప్రిల్‌కు 89, మేకి 83, జూన్‌కు 77, జులైకి 71. నెలకు 6 వేల చొప్పున దిగుతోందని మేనల్లుడు పట్టుకున్నాడు. గీత నిజానికి కొంచెం వంపు తిరిగి ఉంటుంది, అయినా ఈ కొద్ది నెలల్లో ఆ వంపు కంటికి ఆనదు. పాట గదిలో ఫోన్ తీసి మూలాలు వేసే పని లేకుండా “ఫిబ్రవరికి లక్ష, తర్వాత నెలకు ఆరు వేలు తక్కువ” అని గుర్తుపెట్టుకుంటే చాలు. చాలాసార్లు నేను కస్టమర్లకు ఇచ్చేది సమీకరణం కాదు, దాన్నుంచి పిండిన ఇలాంటి ఒక్క ముక్కే. పాటలో ఆవేశం ఎక్కినప్పుడు ఆపేది కూడా అదే.

నమ్మకాన్ని అంకెల్లో పెడితే

ఇంకో విషయం మిగిలింది. ఆగడం అంటే కంపెనీని ఇంకో ఏడాది నమ్మడం. రిజిస్టర్ అయిన చీటీకి ఫోర్‌మన్ చీటీ మొత్తానికి సమానమైన సొమ్మును రిజిస్ట్రార్ పేర డిపాజిట్ చేయాలి కాబట్టి కొంత ధైర్యం ఉంది. అయినా వందలో మూడు వంతులు రాకపోవచ్చని అనుమానపడితే? అప్పుడు సమీకరణంలో కుడివైపున 4,75,000 బదులు దానిలో 97 శాతం, అంటే 4,60,750 వేయాలి. ఫిబ్రవరిలో 1,20,000కు పాడటం వల్ల పడే వడ్డీ 1.88 నుంచి 1.62కు దిగుతుంది. అనుమానం పది శాతమైతే సుమారు రూపాయికి వచ్చేస్తుంది.

రిజిస్ట్రేషన్ లేని చీటీల్లో మొదట్లోనే లక్షలు పోగొట్టుకుని ఎత్తేసుకునేవాళ్ళను చూసి తెలివితక్కువ పని అనుకుంటాం. వాళ్ళ మనసులో ఉన్న అనుమానాన్ని ఈ కుడివైపున పెట్టి చూస్తే చాలామంది లెక్క సరిపోతుంది. తెలివితక్కువ పని ఏదన్నా ఉంటే అది అలాంటి చీటీలో చేరడం. నా వరకు, రిజిస్టర్ కాని చీటీకి ఈ సమీకరణం వేసి ఇవ్వను. ఆ అనుమానం శాతం ఎంత వేయాలో చెప్పగల ఆధారం నా దగ్గర ఉండదు.

ఈ కేసులో ఆయన కంపెనీని పూర్తిగా నమ్ముతున్నానన్నారు. అనుమానం సున్నా అని రాసుకున్నాం.

ఏం జరిగింది

ఫిబ్రవరి పాటలో ఆయన లక్ష దగ్గర ఆగిపోయారు. అనుకున్నట్టే 1,20,000కు వేరే ఆయన పాడుకున్నారు. ఆ వారంలోనే బంగారం పెట్టి, మిగతాది రెండు రూపాయలకు తెచ్చి మిషన్ దించారు. మార్చిలో చీటీ 1,15,000 పోయింది, ఏప్రిల్‌లో 1,05,000, మేలో లక్ష, జూన్‌లో స్కూలు ఫీజుల వేళ 90 వేలు. ప్రతిసారీ చీటీ ఆయన పెట్టుకున్న గీతను దాటే పోయింది. ప్రతి నెలా వెళ్ళి కూర్చుని, తన అంకె దాటగానే మౌనంగా ఉండిపోయేవారట.

జులైలో ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, ఫీజులు కట్టేశారు. పాటకు వచ్చినవాళ్ళే తక్కువ. 60 వేల దగ్గర పోటీ ఆగిపోయింది, ఆయన గీత 71. పాడేసుకున్నారు. చేతికి 4,40,000. ఏడు నెలలు ఆగితే వచ్చే 4,75,000తో పోలిస్తే దీని వడ్డీ నెలకు రూపాయి పది పైసలు. ఆయన కడుతున్న రూపాయి 47 కన్నా తక్కువ. రెండు అప్పులూ తీర్చి బంగారం ఇంటికి తెచ్చుకున్నాక 60 వేలు మిగిలాయి. ఈ ఐదు నెలల్లో వడ్డీకి పోయింది 28 వేలు. ఫిబ్రవరిలోనే పాడి ఉంటే వచ్చేదానికన్నా 32 వేలు ఎక్కువ. అందులో కొంత సమీకరణం పుణ్యం, కొంత ఆషాఢం పుణ్యం. ఏది ఎంతో విడదీయలేను. జులైలో కూడా పాట 85 వేలు పోయి ఉంటే ఆయన ఇంకా ఆగేవారే, అప్పుడు మిగులు ఇంతకన్నా తక్కువే ఉండేది.

ఈ కేసు తర్వాత నా షీట్‌లో ఒక గడి చేర్చాను: పాడిన రోజు కాదు, డబ్బు చేతికొచ్చే రోజు. డబ్బు ఇచ్చేముందు కంపెనీ అడిగే ష్యూరిటీ (హామీదారుల) సంతకాలకు తిరగడంలో ఒక నెల పోతే న ఒకటి తగ్గుతుంది. ఈయనకే అలా జరిగి ఉంటే రూపాయి పది పైసల వడ్డీ రూపాయి ఇరవై ఎనిమిదికి పెరిగేది. ఆయన ష్యూరిటీలను జూన్‌లోనే సిద్ధం చేసి ఉంచారు కాబట్టి ఆ నెల పోలేదు. ఇప్పుడు చీటీ పాడదామనుకునే వాళ్ళెవరొచ్చినా తగ్గింపు గురించి మాట్లాడక ముందే ఆ సంతకాల గురించి అడుగుతున్నాను.